మా అమ్మాయి పేపర్లు ఎక్కడ?

డైరెక్టర్ గారికి,

మా అమ్మాయి విజయవాడలో మీ కోచింగ్ సెంటర్లో సీఏ ఇంటర్ (సీఏ కోర్సులో రెండో మెట్టు) చదువుతోంది. టాక్సేషన్ టెస్టులు రాస్తే దిద్దిన పేపరు ఒక్కటే చేతికొచ్చింది. మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో 38 అని ఉంది, లోపల ఒక్క గీత కూడా లేదు. పాసవ్వాలంటే పేపరుకు వందకి కనీసం 40, గ్రూపులో మూడు పేపర్లకూ కలిపి 150 రావాలి. మిగతా మార్కులు జీఎస్టీలో పోయాయో, ఇన్‌కంటాక్స్‌లో పోయాయో పిల్లకెలా తెలుస్తుంది? సరే, పేపర్లు ఆలస్యం కావడం ఎక్కడైనా ఉన్నదే. నాకు ఒళ్లు మండింది మీవాళ్ల తీరుకి.

ఫ్రంట్ ఆఫీసు మేడమ్ ఫ్యాకల్టీని అడగమన్నారు. ఫ్యాకల్టీ సారు అకడమిక్ హెడ్‌ని కలవమన్నారు. ఆయన ఎప్పుడు వెళ్లినా మీటింగులోనే. వాట్సాప్‌లో పెడితే ‘నోటెడ్ సర్’ అని ఓ దండం బొమ్మ వచ్చింది. ఫిర్యాదుకు నంబరు ఇమ్మంటే ‘అక్కర్లేదు సార్, మాకు గుర్తుంటుంది’ అన్నారు. ఆధారం చూడకుండా ఏ లెక్కా ఒప్పుకోవద్దని ఆడిటింగ్ క్లాసులో పిల్లలకు చెప్పేది మీరేనా?

ఇక ఫోను. పాత విద్యార్థులకు 2 నొక్కితే మ్యూజిక్, ఎంతసేపైనా మ్యూజిక్కే. విసుగొచ్చి కొత్త అడ్మిషన్లకు 1 నొక్కా. ‘చెప్పండి సార్!’ అని ఎంత తియ్యగా పలికారో! సంగతి చెప్పగానే మళ్లీ మ్యూజిక్. సాయంత్రానికి అదే అమ్మాయి ఫోన్ చేసి, మా ఇంట్లో సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్‌లో చేరేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

మా పెద్దాడు మీ దగ్గరే సీఏ ఇంటర్ పాసై ఇప్పుడు ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర శిక్షణ, చేస్తున్నాడు. మీ గేటు పక్క ఫ్లెక్సీలో రెండో వరసలో ఉన్నది వాడే. వాణ్ణి చూసి మా అపార్ట్‌మెంట్ పిల్లలు కూడా మీ దగ్గరే చేరారు. ఆ మాటకైనా విలువ లేదా? రెండు గ్రూపులూ గట్టెక్కితే గానీ ఆర్టికల్‌షిప్ లేదని ఇంట్లో పిల్ల టెన్షన్‌తో అన్నం మానేస్తోంది.

పేపర్లన్నీ సరిగ్గా దిద్దించి, తప్పులు చూపించి ఇప్పించండి. లేదంటే ఫీజు వాపసు ఇవ్వండి. రెండూ కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తా. ఈలోగా మావాడి ఫొటో ఆ ఫ్లెక్సీ మీంచి తీయించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని తండ్రి