జవాబు ఎక్కించే ముందు సరిచూడనివ్వండి

సంపాదకులకు,

విజయనగరం, రాజాం వైపు ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలు ఇంటిగ్రేషన్ (సమాకలనం) లెక్కలు మాక్సిమా, సింపై లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో చేస్తున్నారు. చేయనివ్వండి. వచ్చిన జవాబును వచ్చినట్టే రికార్డులోకి ఎక్కించడంతోనే పేచీ.

సైన్ ఎక్స్, కాస్ ఎక్స్‌ల లబ్ధాన్ని ఇంటిగ్రేట్ చేస్తే ఒక సాఫ్ట్‌వేర్‌లో సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2 వస్తుంది, ఇంకోదాంట్లో మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై 2. రెండూ ఒప్పే. తేడా 1/2, అది స్థిరాంకంలో కలిసిపోతుంది. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు ఆ స్థిరాంకాన్ని, అంటే 'ప్లస్ సి'ని, రాయవు. 1 బై ఎక్స్‌కు ఉత్త లాగ్ ఎక్స్ ఇస్తాయి, మాడ్యులస్ మనమే పెట్టుకోవాలి. కీతో కలవలేదని మార్కులు కోసే ముందు జవాబును 'డిఫ్' ఆదేశంతో అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, అందులోంచి అసలు ప్రమేయాన్ని తీసేసి, త్రికోణమితి పదాలను సూక్ష్మీకరించే 'ట్రిగ్‌సింప్' ఇవ్వాలి. సున్నా వస్తే జవాబు సరైనదే. రాకపోతే తప్పని తేల్చేయకూడదు, సూక్ష్మీకరణ కుదరక మిగిలిపోయి ఉండొచ్చు; మిగిలినదాంట్లో ఎక్స్‌కు 0.7, 1.3 వేసి సున్నా వస్తుందేమో చూడాలి.

అవధులున్న నిశ్చిత సమాకలనికి ఇది చాలదు. 1 బై (5 + 4 కాస్ ఎక్స్), 0 నుంచి 2పై దాకా తీసుకోండి. టాన్ ఎక్స్ బై 2 ప్రతిక్షేపిస్తే 2/3 టాన్ ఇన్వర్స్ (1/3 టాన్ ఎక్స్ బై 2) వస్తుంది. అవకలనంలో నెగ్గుతుంది, అవధులు వేస్తే మాత్రం సున్నా! హారం 9 దాటదు కాబట్టి విలువ 2పై/9కి తగ్గే వీలే లేదు. ఎక్స్ విలువ పై (π) అయినచోట టాన్ ఎక్స్ బై 2 తెగిపోతుంది, దాంతో ఈ ప్రమేయమూ అక్కడ దూకుతుంది. పై దగ్గర విడగొట్టి చేస్తే 2పై/3, సుమారు 2.094. మాక్సిమాలో 'క్వాడ్_క్యూఏజీఎస్' ఆదేశంతో సంఖ్యగా తీసి పోల్చుకుంటే ఇలాంటివి వెంటనే బయటపడతాయి.

ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌ను ఇంటిగ్రేట్ చేస్తే 'ఈఆర్ఎఫ్' (ఎర్రర్ ఫంక్షన్ అనే ప్రత్యేక ప్రమేయం) వస్తే కంగారు పడనక్కర్లేదు. దానికి మామూలు ప్రమేయాల్లో సమాకలని లేదని 19వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు లియోవిల్ నిరూపించాడు.

మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో ఇంటిగ్రల్ మీట సంఖ్య తప్ప సూత్రం ఇవ్వదు. అదీ రేడియన్లలో ఉంటేనే: డిగ్రీల్లో ఉంచి సైన్ ఎక్స్‌ను 0 నుంచి పై దాకా చేస్తే 2కు బదులు 0.086 చూపిస్తుంది.

ల్యాబ్ రికార్డులో ప్రతి జవాబు కింద అవకలనం వరుస ఒకటి, అవధులుంటే సంఖ్యా విలువ ఒకటి రాయించి, ఆ రెండింటికీ విడిగా మార్కులు కేటాయించాలని కళాశాలలను కోరుతున్నాం.

— గణిత అధ్యాపకులు, విజయనగరం