అదే పిడి, చిన్న తూటా

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి పద్మకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

నీ 9 ఎం.ఎం. సీజెడ్ 75 పిస్తోలుకు .22 కిట్, అంటే అదే పిస్తోలుతో చిన్న, చౌక తూటాలు కాల్చేందుకు బిగించుకునే భాగాలు, కొననా, వద్దా అని అడిగావు. అసలు ఆడపిల్లకు పిస్తోలెందుకని మీ అమ్మ అంటూనే ఉంది. ఆ సంగతి నువ్వు దసరాకు వచ్చినప్పుడు మీరిద్దరూ తేల్చుకోండి. గ్రీన్ కార్డు వచ్చాక పద్ధతి ప్రకారం కొనుక్కున్నావు, రేంజిలో తప్ప పెట్టె తెరవవు కాబట్టి, అడిగినదానికే జవాబు రాస్తున్నాను.

కొనమనే నా మాట. ఎన్‌.సి.సి.లో మా చేతికిచ్చిన .22 నంబర్ 2 మార్క్ 4 రైఫిలు పుట్టుకతో .22 కాదు, శిక్షణ చౌకగా సాగాలని పాత .303 రైఫిలును చిన్న తూటాకు మార్చి తయారుచేసినది. బరువూ ఆకారమూ పెద్ద రైఫిలువే, తూటా మాత్రం చిటికెన వేలికన్నా సన్నం. దాని మేగజైను ఉత్త డబ్బా. తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి కాలుస్తుంటే ఖాళీ తూటా గుల్లలు అందులో టింగుమని పడేవి.

నీ పిస్తోలుకు అదే కంపెనీ చేసిన కిట్ పేరు కూడా ‘కడెట్’ అని రాశావు, మేమూ ఎన్‌.సి.సి. కడెట్లమే కనుక నవ్వొచ్చింది. గొట్టం, దాని పైనుండే స్లయిడు, మేగజైను మారతాయి. పిడి, ట్రిగ్గరు నీవే ఉంటాయి. 9 ఎం.ఎం.లో గొట్టమూ స్లయిడూ కలిసి లాక్ అయి కాస్త దూరం వెనక్కి జరుగుతాయి. చిన్న తూటాకు అంత బలం లేదు కనుక ఈ కిట్‌లో గొట్టం కదలదు, స్లయిడు వెనుక భాగం మాత్రమే ఆడుతుంది.

నువ్వు రాసిన ధరల ప్రకారం 9 ఎం.ఎం. బదులు .22 కాల్చితే తూటాకు 17 సెంట్లు మిగులుతాయి, కిట్ 425 డాలర్లు. అంటే 2,500 తూటాలు కాల్చాకే పెట్టుబడి తిరిగొస్తుంది. వారానికి వంద కాల్చితే ఆరు నెలలు. నెలకోసారి వెళ్ళేదానివైతే వద్దనేవాణ్ణి.

నీ గుళ్లు ఎడమకు, కిందికి పడుతున్నాయన్నావు కదా. పిస్తోలు వెనక్కి తన్నుతుందన్న భయంతో ముందే చేయి బిగుసుకుంటోందో, వేలు ట్రిగ్గరును పక్కకు లాగుతోందో ఒక్క 9 ఎం.ఎం.తో తేలదు. .22 దాదాపు తన్నదు. గురి చూసే సైట్లు కిట్‌వి వేరు కనుక ముందు వాటిని సరిచూసుకుని, తరువాత అయిదేసి గుళ్లు కాల్చు. అప్పుడూ అటే పోతే తప్పు వేలిది. నడిమిన పడితే అది ఉలికిపాటే. అయితే తన్నుకు అలవాటుపడటం .22 నేర్పదు. అందుకని ప్రతిసారీ చివర కనీసం ఇరవై పెద్ద తూటాలు కాల్చు.

ఇంకొకటి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు అడుగు అంచులోపల చుట్టూ ఉంటుంది. ఎక్కడైనా అందకపోతే పిన్ను తగిలినా పేలదు. మా బ్యాచి కుర్రాడొకడికి ఠక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతే, “సార్, పేలలేదు” అంటూ రైఫిలుతో సహా మావైపు తిరిగాడు. హవల్దారు గొట్టం పట్టుకుని అవతలికి తిప్పిన వేగం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తూటా తియ్యి. తుస్సుమంటే మరొకటి కాల్చవద్దు, గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. సీసపు గుళ్లు కనుక కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తిను.

దసరాకు వచ్చేటప్పుడు ఆ కిట్ మాత్రం పెట్టెలో పెట్టుకురావద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇక్కడ తుపాకీ విడిభాగమూ ఆయుధమే. టార్గెట్ కాగితాలు రెండు తీసుకురా: ఒకదాని మీద 9 ఎం.ఎం. గుళ్లు అయిదు, రెండోదాని మీద .22 గుళ్లు అయిదు. పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
నాన్న