వేసవి సెలవుల్లో ఇంటి పనులు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

వార్షిక పరీక్షలు ముగిశాయి, ప్రగతి పత్రాలు మీ చేతికి అందాయి. జూన్ 12న బడి తెరిచేవరకు పిల్లలు మీ దగ్గరో, అమ్మమ్మగారి ఊళ్ళోనో, నాన్నమ్మగారి ఊళ్ళోనో ఉంటారు. ఏటా ఇచ్చే వేసవి ప్రాజెక్టులను ఈసారి ఇవ్వడం లేదు. జూన్‌లో మా బల్లల మీదికి వచ్చే థర్మాకోల్ నమూనాల్లో చాలావరకు తల్లుల చేతిపని అని మాకు తెలుసు. మాకు తెలుసని మీకూ తెలుసు. దానికి బదులుగా, ఊరికి వెళ్ళినప్పుడు మీరు ఎలాగూ చక్కబెట్టుకునే పనుల్లో రెండింటికి పిల్లలను వెంట తీసుకువెళ్ళి, కొంత భాగం వాళ్ళ చేతనే చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఈ ఆలోచన నాకు కిందటి వేసవిలో కోనసీమలోని మా పుట్టింట్లో కలిగింది. హైదరాబాదులో ఏడో తరగతి చదువుతున్న మా తమ్ముడి కూతురు కూడా అప్పుడు అక్కడే ఉంది. పోస్టాఫీసు ఖాతాలోంచి ఐదు వేలు తీసుకోవడానికి వెళ్ళిన మా అమ్మ, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయినందువల్ల, ఫారం ఆ పిల్ల చేతికి ఇచ్చింది. లెక్కల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గని పిల్ల, అంకెల్లో 5,000 అని చక్కగా వేసి, ‘అక్షరాలా’ అన్నచోట కలం ఆపి, “నాన్నమ్మా, ఇక్కడేం రాయాలి?” అని అడిగింది. తేదీ గడిలో తన పుట్టినరోజు రాసేసి, దాని మీదే దిద్దింది. కొట్టివేతలున్న ఫారం పనికిరాదని గుమాస్తాగారు మరొకటి ఇచ్చారు, ఆ తరువాత ఇంకొకటి. మూడో ఫారం పూర్తయ్యేసరికి పాస్‌బుక్కులో ఖాతా సంఖ్య ఎక్కడ ఉంటుందో, సంతకాన్ని పాత సంతకంతో ఎందుకు సరిచూస్తారో ఆ పిల్లకు బోధపడింది. సంతకం దగ్గర మాత్రం మా అమ్మే అయిదు నిమిషాలు తీసుకుంది. ఖాతా తెరిచిననాటి సంతకంలోని ఒత్తు ఇప్పటి సంతకంలో కుదరకపోతే డబ్బు ఇవ్వరేమోనని ఆమె భయం.

అక్షరాలా రాయడం మేము తరగతిలో నేర్పాము. అయినా వెనకాల వరుసలో మనుషులు నిలబడి ఉండగా రాయడం వేరని ఆ రోజు నాకు అర్థమైంది. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరిట బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అవకాశమిస్తున్నాయి కనుక, వీలున్నవారు ఈ సెలవుల్లో ఆ పని కూడా చూడవచ్చు.

ఊళ్ళో ఆవకాయ పెట్టే ఇళ్ళకు వేరే పని వెతకనక్కరలేదు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు కొట్టించి తెచ్చాక, జీడి తీయడం, టెంకకు అంటిన పొర గీకడం, ముక్కను పొడిగుడ్డతో తుడవడం పిల్లలు చేయగల పనులే. కారం, ఆవపిండి, ఉప్పు కొలిచే పని కూడా వాళ్ళకే వదలండి. నాలుగు గిద్దలు సోల అనీ, రెండు సోలలు తవ్వ అనీ, రెండు తవ్వలు మానిక అనీ మామ్మ నోట విన్న పిల్లకు భిన్నాలు చెప్పడం మాకు తేలిక. రైలు టికెట్టు తీసేటప్పుడు కూడా, అయిదేళ్ళు నిండి పన్నెండేళ్ళు నిండని తమ్ముడికి బెర్తు అడిగితే పూర్తి ధర, వద్దంటే సగం ధర ఎందుకవుతుందో పెద్దపిల్లలను లెక్క వేయనివ్వండి.

గల్ఫు దేశాల నుంచి సెలవు మీద వచ్చే తండ్రులకు ఒక మాట. మీకున్న నెలరోజుల్లో సగం రోజులు బ్యాంకు, పాస్‌పోర్టు, పొలం పాస్‌పుస్తకం పనులకే పోతాయని నాకు తెలుసు. ఆ రోజుల్లో నాన్న పొద్దున వెళ్ళి చీకటిపడ్డాక వస్తాడన్న సంగతి తప్ప పిల్లలకు ఇంకేమీ తెలియదు. ఒక్క రోజైనా వాడిని బండి వెనక ఎక్కించుకుని తీసుకువెళ్ళండి. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి.

తప్పక చేయవలసిన పని ఒకటి ఉంది. అయిదేళ్ళు, పదిహేనేళ్ళు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప గుర్తులు నమోదు చేయించాలి; 5 నుంచి 7, 15 నుంచి 17 ఏళ్ళ మధ్య దీనికి రుసుము లేదు. అక్కడే పేరు కూడా సరిచూసుకోండి. బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండడం వల్ల విద్యార్థులకిచ్చే పన్నెండంకెల గుర్తింపు సంఖ్య, అపార్, రాక నిలిచిపోయిన పేర్లు మా దగ్గర ఉన్నాయి. పదో తరగతికి వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు దీన్ని జూన్ దాకా ఆపవద్దు.

డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేసిన రోజుల్లోనూ గోతుల్లో నీళ్ళు నిలిచే ఉంటాయి కనుక పెద్దలు తోడు లేకుండా పిల్లలను గట్టు వైపు పంపకండి.

చేసిన రెండు పనుల గురించి పిల్లలు ఒక్కొక్క పేజీ, తమ మాటల్లో, తమ దస్తూరితో రాసి, బడి తెరిచిన రోజున తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వాలి. పొరపాటు జరిగి ఉంటే అదీ రాయమనండి. పేరు, పుట్టినతేదీ సవరణలకు కావలసిన ధ్రువపత్రాల కోసం సెలవుల్లో కూడా పనిదినాల్లో ఉదయం పూట బడి కార్యాలయానికి రావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు