బండి రాకముందే పనంతా అయిపోవాలి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన రైలు క్లిప్పులన్నీ చూశాను. ఊరికే చూడ్డం కాదు, కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ ఆపి మరీ చూశాను. కెమెరా పాతది కదా, అమ్మినవాడు ముంచాడేమో అని బెంగపడుతున్నావు. దానికి ఏ రోగమూ లేదు. అన్నీ ఆటోలో వదిలేసి, బండి కనబడగానే బటన్ నొక్కడమే అసలు రోగం. రైలు వీడియోలో పనంతా బండి రాకముందే అయిపోవాలి. బండి వచ్చాక ఇక నువ్వు చేసేదేమీ ఉండకూడదు.

ముందు ఆ ఖమ్మం వందే భారత్ సంగతి. దూరంగా హెడ్‌లైట్ కనబడగానే బొమ్మ మసకబారింది. తెల్లటి బోగీలు ఫ్రేమ్ నిండేసరికి వెనక చెట్లు నల్లబడ్డాయి. బండి పోగానే మళ్ళీ తెల్లారినట్టు వెలుగొచ్చింది. ఎంత వెలుగు తీసుకోవాలన్నది కెమెరా క్షణక్షణం మార్చుకుంటూ పోతోందన్నమాట. మోడ్ డయల్ మీద ఎమ్ పెట్టు. వీడియోలో మాన్యువల్ లేకపోతే ఎక్స్‌పోజర్ లాక్ బటన్ ఉంటుంది, ఎండ పడుతున్న కంకర మీదో ప్లాట్‌ఫారం గోడ మీదో కొలిచి లాక్ చెయ్యి. కొలత ఎండలో ఉన్న దానిమీదే తీసుకోవాలి, నీడలో తీసుకున్నావా, తెల్ల ఇంజను సున్నం కొట్టిన గోడైపోతుంది. మా లాలాగూడ షెడ్ వాప్-7 కరెంటు ఇంజన్లు కూడా తెల్ల ఒంటి మీద ఎర్ర పట్టీవే. అందుకే కొలిచినదానికంటే ఒక అరస్టాపు తగ్గించే పెట్టుకో (ఒక స్టాపు తగ్గిందంటే వెలుగు సగమైనట్టు). నీడలో వివరం కాస్త పోయినా తర్వాత లాక్కోవచ్చు, తెలుపు మాడిపోతే తిరిగి రాదు.

ఇక షట్టర్ స్పీడు, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం. సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే 1/50, 50 ఫ్రేములైతే 1/100. ఇది సినిమా వాళ్ళ పాత లెక్క, రైలుకి చక్కగా సరిపోతుంది. గంటకి 100 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది, అంటే 1/50 సెకనులో 55 సెంటీమీటర్లు. ఆ కాస్త మసకే కంటికి వేగంలా కనబడేది. నీ కెమెరా ఎండలో తనంతట తాను 1/1000 కి వెళ్ళిపోయింది, అందుకే ప్రతి ఫ్రేమూ నిక్కచ్చిగా ఉంది, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మాత్రం బండి దాదాపు మీటరు గెంతుతోంది. ‘కుంటుతోంది’ అని రాశావే, అది ఇదే.

అయితే మన ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా మాడుతుంది. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ చురుకు) 100 లోనే పెట్టినా లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/22 దాకా మూయాలి, అంత మూస్తే బొమ్మ మెత్తబడుతుంది. అందుకని లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) బిగించు. ఎన్‌డీ8 మూడు స్టాపులు తగ్గిస్తుంది, ఎఫ్/8 దగ్గర హాయిగా కుదురుతుంది. నీ లెన్స్ మూతి కొలత ముందు అంచు మీదే రాసి ఉంటుంది, సున్నాకి అడ్డగీత ఉన్న గుర్తు పక్కన. అది చూసి కొను. తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ రకం చవకదైతే వైడ్‌లో ఆకాశం మీద నల్లటి అడ్డగుర్తులు పడతాయి, దాని జోలికి పోకు.

25, 50 అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. నీ కెమెరా 30 ఫ్రేముల్లో, 1/60 లో ఉంది, అందుకే రాత్రి క్లిప్పులో ప్లాట్‌ఫారం కప్పు కింద చారలు పాకుతున్నాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ (30 ఫ్రేముల పద్ధతి) తీసి పాల్ (25, 50 ఫ్రేములది) పెట్టు. కొన్ని కెమెరాలు అప్పుడు కార్డు ఫార్మాట్ చెయ్యమంటాయి, కాబట్టి ఇంట్లోనే కానిచ్చెయ్. బోగీల మీదా బండి మొహం మీదా ఉండే ఎల్‌ఈడీ బోర్డులు మాత్రం ఇలా చేసినా మిణుకుతూనే ఉంటాయి. 1/50 లో కొంచెం నయం, అంతకుమించి ఆశపడకు.

నీ క్లిప్పుల్లో బోగీలు వెనక్కి వాలినట్టు కనబడటం వేరే కథ. సెన్సర్ బొమ్మని ఒక్కసారి కాదు, పైనుంచి కిందికి వరసగా చదువుతుంది. కింది వరస చదివేలోగా బండి కాస్త ముందుకు జరిగిపోతుంది కాబట్టి కిటికీలు ఏటవాలుగా పడతాయి. షట్టర్ స్పీడు పెంచితే ఇది పోదు, ఎవరు చెప్పినా నమ్మకు. పట్టాలకి ఎదురుగా అడ్డంగా నిలబడకుండా బండి ఏటవాలుగా నీ వైపు వచ్చేట్టు నిలబడు, ఇంకాస్త వెనక్కి జరుగు. ఫ్రేములో అడ్డంగా పోయే వేగం తగ్గితే వాలు దానంతటదే తగ్గుతుంది.

వెనక్కి జరగడానికి ఇంకో కారణం, తిప్పడం. పది మీటర్ల దూరంలో 100 మీద పోయే ఇంజన్ని వెంబడించాలంటే నీ ఎదురుగా వచ్చిన క్షణంలో కెమెరాని సెకనుకి 160 డిగ్రీల వేగంతో తిప్పాలి. ఏ చెయ్యీ అంత నున్నగా తిప్పలేదు. అదే నలభై మీటర్లైతే 40 డిగ్రీలు, ట్రైపాడ్ మీద కాస్త సాధనతో వస్తుంది. నన్నడిగితే అసలు తిప్పకు. ఫ్రేమ్ కట్టి పెట్టు, పైన పాంటోగ్రాఫ్‌కీ (ఇంజను నెత్తిన కరెంటు అందుకునే చట్రం) తీగకీ చోటు వదులు, బండి తనే వచ్చి తనే పోతుంది. బండి వస్తుంటే జూమ్ లాగేవాణ్ణి చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్ ఆపెయ్, లేకపోతే లేని కుదుపు కోసం వెతుక్కుంటూ పాత కెమెరాలు ఫ్రేమ్‌ని మెల్లగా పక్కకి జరుపుతాయి.

ఫోకస్‌కి చిట్కా ఒకటే. కరెంటు స్తంభాలకి కిలోమీటరు నంబర్ల చిన్న పలకలు ఉంటాయి చూడు. ఇంజను ఏ స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఫ్రేములో నిండుగా ఉంటుందో చూసుకుని, ఆ పలక మీద ఫోకస్ పట్టి మాన్యువల్‌కి మార్చెయ్. తెరమీద పెద్దది చేసి అంకెలు చదవగలుగుతున్నావో లేదో చూసుకో. ఆటోలో వదిలేస్తే హెడ్‌లైట్ మొహాన పడగానే లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుకుతుంది, ఆ టకటక కూడా మైకులో పడుతుంది. మధ్యాహ్నం దూరం నుంచి పెద్ద జూమ్‌తో తీసినప్పుడు పట్టాలు నీళ్ళలో ఉన్నట్టు అల్లాడుతున్నాయంటే ఫోకస్ తప్పు కాదు, కంకర మీద వేడిగాలి. పొద్దున తొమ్మిది లోపు తియ్యడమే దానికి మందు.

శబ్దం అన్నిటికంటే అన్యాయమైపోతోంది నీ దగ్గర. హారన్ కొట్టగానే ఆటో లెవెల్ గొంతు నొక్కేసింది, ఆ తర్వాత రెండు మూడు బోగీల చక్రాల చప్పుడు వినబడనే లేదు. రికార్డింగ్ లెవెల్ మాన్యువల్ చేసి, ముందొక బండి పోనిచ్చి, చక్రాల చప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకో, లిమిటర్ (మరీ పెద్ద చప్పుడుని అణిచేది) ఉంటే వేసుకో. ‘డబ్ల్యూ/ఎల్’ అని రాసిన పసుపు పలక దగ్గర నిలబడకు, గేటు వస్తోంది కూత వెయ్యమని డ్రైవర్‌కి చెప్పే పలక అది. కూతే కావాలంటే అక్కడే నిలబడు, లెవెల్ బాగా తగ్గించుకుని. గాలికి మైకు రంధ్రాల మీద చిన్న ఉన్ని ముక్క టేపుతో అంటించు, కెమెరా మెనూలో విండ్ కట్ కూడా వెయ్యి. ఇంకోటి, పక్కనున్న మీ బావమరిదిని ‘వచ్చింది వచ్చింది’ అని అరవద్దను.

సంక్రాంతికి హైదరాబాద్ వస్తానన్నావు కదా, వెలుగు లెక్క చెప్తా విను. జనవరిలో మనకి సూర్యుడు మధ్యాహ్నం కూడా దక్షిణం వైపు యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, బోగీ పక్కల మీద చక్కగా పడుతుంది. మే నెలలో అయితే నడినెత్తిన ఉండి కప్పు తప్ప ఏదీ వెలగదు. హఫీజ్‌పేట నుంచి లింగంపల్లి వైపు లైను దాదాపు తూర్పు పడమరలు, కాబట్టి పట్టాలకి దక్షిణాన నిలబడాలి. ఇక్కడో చిక్కుంది. మన బళ్ళు ఎడమ లైన్లో నడుస్తాయి, లింగంపల్లి వైపు పోయేవి నీకు దగ్గర లైన్లో వస్తాయి, సికింద్రాబాద్ వైపు వచ్చేవి అవతలి లైన్లో. అవతలి లైను దూరం కాబట్టి బొమ్మ బాగా వస్తుంది, కానీ సరిగ్గా అదే సమయానికి ఎంఎంటీఎస్ లోకల్ బండి మధ్యలోకి వచ్చి అడ్డం పడొచ్చు. దానికి మందు లేదు, ఇంకో బండి కోసం ఆగడమే. సీతాఫల్‌మండి నుంచి కాచిగూడ, ఫలక్‌నుమా వైపు లైను ఉత్తర దక్షిణాలు, పొద్దున తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు నిలబడితే సరి. వేగం కావాలంటే కాజీపేట లైను, 130 దాకా పోనిస్తారు. ఇప్పుడు చాలా బళ్ళు చర్లపల్లి నుంచే బయల్దేరుతున్నాయి, ఏది ఎక్కడినుంచో ఎన్‌టీఈఎస్‌లో (బళ్ళ రాకపోకలు చూపే రైల్వే యాప్) చూసుకుని రా. గూడ్సులు అందులో కనబడవు, వాటికి సిగ్నలే గుర్తు. ఎర్రగా ఉన్న స్టార్టర్ (బండి స్టేషన్ వదలడానికి ఇచ్చే సిగ్నల్) పసుపో పచ్చో అయిందంటే ఇక చెయ్యి బటన్ మీద పెట్టుకో.

రికార్డు పది పదిహేను సెకన్ల ముందే మొదలెట్టు. 22 ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్తరకం) బోగీల బండి ఇంజనుతో కలిపి 550 మీటర్లు ఉంటుంది, 100 మీద ఇరవై సెకన్లలో దాటిపోతుంది. నువ్వు ఆఖరి బోగీ పోకముందే ఆపేస్తున్నావు. వెనకున్న పసుపు ‘ఎక్స్’ గుర్తు, మిణికే ఎర్ర దీపం పడాలి, చప్పుడు సన్నగిల్లేదాకా ఇంకో పది సెకన్లు ఆగాలి. కార్డు గురించి దిగులొద్దు, 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 50 మెగాబిట్లు) నిమిషానికి 375 మెగాబైట్లు, 32 జీబీలో గంటంబావు పైనే పడుతుంది. వీ30 అనే వేగపు గుర్తున్న అసలు కార్డే కొను, నకిలీది నడిమధ్యలో రికార్డింగ్ ఆపేస్తుంది. పాత కెమెరాల్లో ఫైలు 4 జీబీ దాటితే ముక్కలవుతుంది లేదా ఆగిపోతుంది. కాబట్టి గంటల తరబడి నడిపించకు, ప్రతి బండికీ వేరే క్లిప్పు తియ్యి.

చివరిగా, నవ్వులాట కాని మాట. పట్టాల మీదికీ కంకర మీదికీ దిగొద్దు. రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, ఒకటి కొని జేబులో ఉంచుకో. ప్లాట్‌ఫారం మీద ట్రైపాడ్ పరిచావంటే ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు వస్తారు, మోనోపాడ్‌తో స్తంభానికి ఆనుకుని తీసుకో, వద్దంటే వాదించకుండా సర్దుకుని వచ్చెయ్. వంతెన మీంచి తీసేటప్పుడు మోనోపాడ్‌నీ సెల్ఫీ కర్రనీ కిందికి చాపకు. ఆ తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు లాక్కుంటుంది. రెండు మీటర్ల లోపుకి ఏదీ పోకూడదు.

వచ్చేటప్పుడు రెండో బ్యాటరీ తెచ్చుకో, ఎన్‌డీ8 నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, నీ లెన్స్ కొలత 58 మిల్లీమీటర్లైతే ఇచ్చేస్తా. కొలత చూసి రాయి. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు