చుక్కమ్మకు కొత్త ఇల్లు

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. మీ షెల్టర్‌కు (దిక్కులేని జంతువుల ఆశ్రయానికి) చేరిన పదమూడేళ్ల పిల్లి చుక్కమ్మను ఎవరైనా ఇంటికి తీసుకువెళతారా అని అడిగావు. తీసుకువెళతారు. పిల్లికూనలకు ఇల్లు దొరికినంత వేగంగా దీనికి దొరకదు, అంతే. అయితే అందుకు నీవు సిద్ధం చేసిన ప్రకటన మాత్రం నాకు నచ్చలేదు. దాని సంగతి తరువాత చెబుతాను, ముందు మిగిలినవి మాట్లాడుకుందాం.

చుక్కమ్మను తెచ్చి అప్పగించిన కుటుంబం మీద నీవు ఒక్క పరుషమైన మాట కూడా రాయకపోవడం నాకు సంతోషం కలిగించింది. పెంచిన పెద్దాయన వృద్ధాశ్రమానికి వెళ్లవలసి వచ్చింది, అక్కడ జంతువులను ఉండనివ్వరు, కూతురికేమో పిల్లి దగ్గరకు వస్తే ఊపిరాడదు. ఇక ఆ కుటుంబం చేయగలిగినది ఏముంది? వయసు మీరిన పిల్లులు షెల్టర్లకు చేరడం వెనుక తరచు ఇటువంటి కథే ఉంటుంది: యజమాని మరణమో, జబ్బో, ఇల్లు మారడమో. మర్యాద మాట అటుంచితే, వారిని నిందించకపోవడం వల్ల పనికివచ్చే లాభం కూడా ఒకటి ఉంది. నింద పడనివారు నిజం చెబుతారు. కాబట్టి ఆ కూతురితో మరొకసారి తీరికగా మాట్లాడు. చుక్కమ్మ ఏ ఆహారానికి అలవాటు పడింది, మలమూత్రాల ట్రేలో ఎటువంటి లిట్టర్ (ఇసుకలా పోసే పొడి) వాడేవారు, రాత్రి ఎక్కడ పడుకునేది, ఎవరిని చూస్తే దాక్కునేది, చంకన ఎత్తుకుంటే ఊరుకునేదా, చివరిసారి వైద్యుడికి చూపించింది ఎప్పుడు, ఇవన్నీ అడిగి రాసుకో. ఆ పెద్దాయన వాడిన పాత దుప్పటి ఏదైనా ఉంటే ఉతకకుండా ఇమ్మని అడుగు. పదమూడేళ్లు ఒకే ఇంట్లో బతికిన ప్రాణి గురించిన ఈ వివరాలు మరెక్కడా దొరకవు. ఆ కుటుంబం ఇప్పుడు చెప్పినంత ఓపికగా ఆరు నెలల తరువాత చెప్పలేకపోవచ్చు కూడా.

అది బోనులో గోడవైపు తిరిగి కూర్చుంటోందనీ, చూడవచ్చినవారు ‘ఇది ముంగి పిల్లి’ అని దాటిపోతున్నారనీ రాశావు. పిల్లికి తన చోటు, ఆ చోటి వాసనలు ఎంత ముఖ్యమో నీకు తెలియనిది కాదు. అవన్నీ ఒక్క పూటలో మాయమై, చుట్టూ కుక్కల అరుపులు, మందుల వాసన మిగిలినప్పుడు అది చూపే ముఖం దాని స్వభావం కాదు. ఒక మామూలు అట్టపెట్టె తీసుకువచ్చి, పక్కన తలుపులా కోసి, బోనులో పెట్టు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంవారు షెల్టర్‌కు కొత్తగా వచ్చిన పిల్లులలో కొన్నింటికి ఇటువంటి దాగుడు పెట్టెలు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా గమనించి, పెట్టె ఉన్నవి త్వరగా తేరుకున్నాయని 2014లో ప్రకటించారు. పెట్టె ఇస్తే పిల్లి కనబడదు కదా, ఎవరు తీసుకువెళతారు అని మీ కార్యకర్తలు అభ్యంతరం చెప్పవచ్చు. దాగే వీలున్న పిల్లే ముందుగా బయటకు వస్తుందని వారికి చెప్పు. నీవు దాని దగ్గర కూర్చున్నప్పుడు కళ్లలోకి సూటిగా చూడకు. రెప్పలను నెమ్మదిగా సగం మూసి తెరువు. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఈ సంగతినే పరీక్షించి, అలా రెప్పలార్చిన అపరిచితుల చేతి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వచ్చాయని చూపారు. నాకైతే దానిని చదివే ముందు నుంచే నమ్మకం ఉంది, కానీ ఋజువు ఉంటే వాదన తగ్గుతుంది.

ఒక విషయంలో మాత్రం ఓపిక పనికిరాదు. అది రోజంతా ఏమీ తినకపోతే ‘అలవాటు పడుతుందిలే’ అని వదలకుండా వైద్యుడికి చెప్పాలి. పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా అది కాస్త లావుగా ఉంటే, ఒంటిలోని కొవ్వు కాలేయంలో పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. పాత్రలో ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అన్నది రోజూ రాయించు, వారానికి ఒకసారి తూయించు. తుమ్ములు మొదలైతే ఆశ్చర్యపోకు. చాలా పిల్లులలో నిద్రాణంగా ఉండే హెర్పిస్ వైరస్ ఇటువంటి ఒత్తిడిలోనే తిరిగి తల ఎత్తుతుంది.

ఇల్లు వెదకడానికి ముందే పూర్తి వైద్యపరీక్ష చేయించు. రక్తం, మూత్రం, థైరాయిడ్, రక్తపోటు, పళ్లు, ఈ ఐదింటినీ వదలవద్దు. ముసలి పిల్లులలో మూత్రపిండాల జబ్బు చాలా సాధారణం. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం పెరిగినట్లు కనబడే సరికి మూత్రపిండాల పనితనం దాదాపు 75 శాతం పోయి ఉంటుంది గనుక, ఆ అంకె ఒక్కటి చూసి ‘అంతా బాగుంది’ అనుకోకూడదు. ఎస్‌డీఎంఏ అనే మరో రక్తపరీక్ష ఇంకా ముందుగా పసిగడుతుంది. బాగా తింటూనే చిక్కిపోతున్నదంటే థైరాయిడ్‌ను అనుమానించాలి, దానికి మంచి చికిత్సలే ఉన్నాయి. రక్తపోటు పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చు. ఇక కీళ్ల మాటకొస్తే, 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. వాటిలో 90 శాతం పిల్లులలో కీళ్లు క్షీణించిన గుర్తులు కనబడ్డాయి. పిల్లి కుంటదు, మూలగదు. ఎత్తుకు ఎగరడం మానేస్తుంది, నడుము భాగాన్ని నాకి శుభ్రం చేసుకోవడం తగ్గిస్తుంది, ఎత్తైన అంచున్న ట్రేలోకి దిగలేక పక్కనే మూత్రం పోస్తుంది. దానిని చూసి మనుషులు ‘మొండిది’ అంటారు. చుక్కమ్మ ట్రే బయట పోసిందని నీవు రాసిన మాట చదవగానే నాకు మొదట తట్టింది దాని మోకాళ్లే. ముందు వైపు అంచు బాగా తక్కువగా ఉన్న ట్రే పెట్టి చూడు, వైద్యుడికీ ఈ విషయం చెప్పు.

ఇప్పుడు నీ ప్రకటన సంగతి. ‘ఎవరూ లేని ముసలి ప్రాణి, చివరి రోజుల్లో కాస్త ప్రేమ కోసం ఎదురుచూస్తోంది’ అని రాశావు. చదివినవారు కంట తడి పెట్టుకొని, నిట్టూర్చి, పేజీ తిప్పేస్తారు. ఒకవేళ ఎవరైనా కదిలి వచ్చినా, జాలితో తీసుకువెళ్లినవారు ఆ జాలి ఇంకిపోయాక ట్రే శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు ఏం చేస్తారో చెప్పలేం. పైగా అది నిజం కూడా కాదు. పిల్లులను పదేళ్లు దాటాక వృద్ధ పిల్లులంటారు గానీ, ఇంటిపట్టున ఉండేవి 15 ఏళ్లు దాటి బతకడం అరుదేమీ కాదు, ఇరవై దాటేవీ ఉన్నాయి. (అమెరికాలో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967లో పుట్టి 2005 దాకా బతికి రికార్డులకెక్కింది. చుక్కమ్మ విషయంలో అంత ఆశ ఎవరికీ పెట్టకు.) ఆరోగ్యం అనుకూలిస్తే ఇంకా కొన్నేళ్లు కలిసి బతికే పిల్లి అని స్పష్టంగా రాయడమే న్యాయం.

నేనైతే ఇలా రాస్తాను: ‘చుక్కమ్మకు పదమూడేళ్లు. ఉదయం కిటికీ దగ్గర ఎండలో పడుకుంటుంది, సాయంత్రం మనిషి పక్కన కూర్చుంటుంది గానీ ఒళ్లోకి పిలిస్తే రాదు, తనకు తోచినప్పుడు వస్తుంది. కుక్కలంటే గిట్టదు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకాలు, గుర్తింపు కోసం మైక్రోచిప్ అయ్యాయి. మోకాళ్లు కాస్త పట్టేస్తాయి కాబట్టి ట్రే అంచు తక్కువగా ఉండాలి. ఏడాదికి రెండుసార్లు వైద్యుడికి చూపించాలి.’ ఇందులో ఏది నిజమో, ఏది కాదో నీవు దిద్దుకో. పిల్లికూనను తెచ్చుకునేవారికి అది పెద్దయ్యాక ఎలా తయారవుతుందో తెలియదు. చుక్కమ్మ ఎలాంటిదో ఇవాళే తెలుసు. అమ్ముకోవలసిన గుణం ఏదైనా ఉందంటే ఇదే. జబ్బులు ఉంటే దాచవద్దు, మందుకు నెలకు ఎంతవుతుందో కూడా ముందే చెప్పు. ఫోటో మాత్రం బోను చువ్వల వెనుక నుంచి తీయకు. పగటి వెలుతురులో, నేల మీద కూర్చొని, దాని కంటి ఎత్తున తీయి.

వీలైతే ఇల్లు దొరికేదాకా ఒక కార్యకర్త ఇంట్లో ఉంచు. షెల్టర్‌లో గోడకు అంటుకుపోయిన పిల్లి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వారం తిరిగేసరికి తోక నిలబెట్టి ఎదురు రావడం చూస్తావు. అప్పుడు తీసిన ఒక చిన్న వీడియో నీ నా రాతలన్నింటికంటే ఎక్కువ పని చేస్తుంది.

తీసుకువెళ్లేవారికి చెప్పవలసినవి పెద్దగా లేవు, కానీ అవి తప్పకుండా చెప్పాలి. మొదట ఇల్లంతా చూపించకుండా ఒకే గదిలో ఉంచాలి. ఆ పాత దుప్పటి, పాత ఆహారం, పాత రకం లిట్టర్ అక్కడే ఉండాలి. ఆహారం మార్చదలిస్తే వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. నీళ్ల పాత్ర ట్రేకు దూరంగా పెట్టాలి. మంచం కింద దూరితే లాగకూడదు. సరిపడకపోతే తిరిగి తీసుకుంటామని, అందుకు ఎవరూ తప్పుపట్టరని ముందే మాట ఇవ్వు. ఆ మాట ఉంటేనే జంకేవారు కూడా ధైర్యం చేస్తారు.

చివరగా, దరఖాస్తు పెట్టిన ఆ విశ్రాంత ఉపాధ్యాయురాలి గురించి. ఆమెకు డెబ్భై దాటాయని మీ కమిటీ వెనకాడుతోందన్నావు. నా ఉద్దేశంలో అది చాలా మంచి ఇల్లు. రోజంతా మనిషి ఉంటుంది, చప్పుడు ఉండదు, ముందు పెంచిన పిల్లికి రోజూ మాత్ర వేసిన అనుభవం ఆమెకు ఉంది. ముప్ఫై ఏళ్ల వాళ్ల చేతుల్లో మాత్రం పిల్లులు మళ్లీ షెల్టర్‌కు రావడం లేదా? వయసును చూసి కాదనడం కంటే, ఆమెకు వీలుకాని రోజు వస్తే పిల్లిని ఎవరు తీసుకుంటారన్నది కాగితం మీద రాయించుకోవడం మేలు. ఆమె కొడుకు అదే ఊళ్లో ఉన్నాడని రాశావు కదా, అతడితో ఈ వారమే మాట్లాడు. అతడు సంతకం పెడితే, రక్తపరీక్ష ఫలితాలు చేతికి రాగానే ఆమెను పిలిపించి, చుక్కమ్మ ఉన్న గదిలో ఇద్దరినీ ఒక గంట సేపు వదిలి నీవు బయట కూర్చో. ఆ ఫలితాల నకలు నాకూ పంపు, ఇక్కడ నాకు తెలిసిన పశువైద్యురాలికి చూపిస్తాను.

నీ స్నేహితుడు,
రఘు