పాఠశాల వార్తాలేఖ: నాలుగు మార్కుల ప్రశ్న గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి అర్ధ సంవత్సర గణిత పరీక్షలోని చివరి ప్రశ్నపై వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతున్న చర్చ నా దాకా వచ్చింది. ఏ సహజ సంఖ్యనైనా తీసుకుని, దాని వర్గానికి ఆ సంఖ్యనూ మరో 41నీ కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా, కారణం చూపండి అన్నది ఆ ప్రశ్న. చాలామంది పిల్లలు 1 నుంచి 10 వరకు సరిచూసి, ‘కాబట్టి నిరూపించబడినది’ అని రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు కూడా గీశారు. వారికి సున్నా వచ్చింది. కష్టపడి పది లెక్కలు చేసినందుకు సగం మార్కులైనా వేయవచ్చు కదా అని మీలో కొందరు అడిగారు. వేయలేము. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ గమనించిన ఈ సూత్రం 1 నుంచి 39 వరకు ప్రతిసారీ ప్రధాన సంఖ్యనే ఇచ్చి, 40 దగ్గర బోల్తా పడుతుంది.

‘బి’ సెక్షన్‌లోని ఒక అమ్మాయి పెద్ద లెక్కలేవీ చేయకుండా, 40 వర్గానికి 40 కలిపితే 40 ఇంటూ 41 అవుతుంది, దానికి మరో 41 చేరితే 41 ఇంటూ 41, కనుక అది ప్రధాన సంఖ్య కాదు అని రెండు వరుసల్లో ముగించింది. ఆ జవాబు పత్రాన్ని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను, తెలుగు మాస్టారితో సహా. అదే తరగతిలోని ఒక అబ్బాయి సంగతీ చెప్పకుండా ఉండలేను. రెండు వర్గమూలం కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేనిది, అనే నిరూపణ చెబుతుండగా, ఇదే వాదనను నాలుగు వర్గమూలానికి వాడితే అదీ కరణీయం కావాలి కదా, కానీ అది 2 కదా అని లేచి అడిగాడు. మర్నాటికి తానే లోపం పట్టుకుని వచ్చాడు: వర్గాన్ని 2 భాగిస్తే ఆ సంఖ్యనూ 2 భాగిస్తుంది గాని, వర్గాన్ని 4 భాగించినంత మాత్రాన సంఖ్యను 4 భాగించనక్కర్లేదు, 2 అనే సంఖ్యే అందుకు సాక్ష్యం. ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ ఏడాది నేను వినలేదు.

‘జేఈఈలో నిరూపణలు అడగరు కదా మేడమ్’ అని ఒక తండ్రిగారు రాశారు. నిజమే, అడగరు. ప్రాంతీయ గణిత ఒలింపియాడ్‌లో అడుగుతారు, అయినా నా వాదన అది కాదు, నిరూపణ లేకపోతే కంటికి కనిపించినదే నమ్మి మోసపోతాం అన్నది. ఒకటికి సగం, మూడో వంతు, నాలుగో వంతు, ఇలా కలుపుకుంటూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా? పది లక్షల పదాలు కలిపినా మొత్తం 15కు చేరదు కనుక కాలిక్యులేటర్‌ను నమ్మినవారు ఆగుతుందనే అంటారు. 14వ శతాబ్దంలోనే నికోల్ ఒరేమ్ అనే ఫ్రెంచి పండితుడు దీన్ని తేల్చారు: మూడో వంతు, నాలుగో వంతు కలిస్తే సగానికి మించుతాయి, తరువాతి నాలుగు పదాలు కలిసినా అంతే, ఆపై ఎనిమిది కలిసినా అంతే, ఇలా సగాలు ఎన్నైనా దొరుకుతాయి కనుక మొత్తం ఏ హద్దునైనా దాటిపోతుంది. కలనగణితాన్ని (కాలిక్యులస్‌ను) ఎంతో కాలం వాడుకున్న తరువాత గాని, 1821లో కోషీ వంటి గణితవేత్తలు అవధి (ఒక విలువ దేనికి ఎంతైనా దగ్గరగా చేరుతుందో అది) అంటే ఏమిటో కచ్చితంగా చెప్పే పనికి పూనుకోలేదు. అవిచ్ఛిన్నమైన, అంటే గీత ఎక్కడా తెగని, ప్రమేయానికి అక్కడక్కడా తప్ప అవకలజం, అంటే ఆ బిందువు వద్ద వాలు, ఉండి తీరుతుందని పెద్దలే నమ్మిన కాలంలో, 1872లో వైయర్‌స్ట్రాస్ అనే గణితవేత్త ఏ బిందువు వద్దా అవకలజం లేని అవిచ్ఛిన్న ప్రమేయాన్ని చూపించారు. ఇంటర్‌లో అవధుల లెక్కలు నిమిషాల్లో తేల్చి, డిగ్రీలో అవధిని కచ్చితంగా నిర్వచించే ‘ఎప్సిలాన్, డెల్టా’ ఎదురుకాగానే దిక్కుతోచక మా దగ్గరకు వచ్చే పూర్వ విద్యార్థులను చూస్తున్నాను. తెలివికి లోటు లేని పిల్లలే, ‘ఎందుకు’ అని రాసే అలవాటు చేయించకుండా వారిని మనమే పంపించాము. 2010లో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకాలు ఇక్కడే అందుకున్న ఆ నలుగురిలో ఎవరికీ నాలుగు ఆప్షన్లలో సరైనది త్వరగా గుర్తించినందుకు పతకం రాలేదు.

మీ శ్రద్ధను నేను ఎంతో గౌరవిస్తాను. అయితే నిరూపణలను గైడు నుంచి బట్టీ పట్టించి, రాత్రి పదింటికి అప్పజెప్పించుకోవడం దయచేసి మానండి. మూడు వర్గమూలం గురించి అడిగినప్పుడు కూడా, రెండు వర్గమూలం నిరూపణలోని ‘కాబట్టి ఇది సరి సంఖ్య’ అన్న మాటనే దించేసిన పత్రాలు ఈసారి ఒక కట్ట ఉన్నాయి. బిడ్డ ఒకే వరుస దగ్గర అరగంట కూర్చుంటే సమయం వృథా అవుతోందని కంగారుపడి, ఫోనులో షార్ట్‌కట్ వీడియో పెట్టి ఇవ్వకండి.

రెండో టర్మ్ ఫీజు గడువు, బస్సు వేళల మార్పు, స్వెట్టర్ల వివరాలు డైరీలో అంటించాము, చూసుకోగలరు.

మార్కులు మారవు. జవాబు పత్రాలు చూడదలచినవారు శనివారం ఉదయం పిల్లలతో కలిసి రావచ్చు, కానీ వివరణ పిల్లలే ఇవ్వాలి. ఐదు వర్గమూలం కరణీయమని నిరూపించి తెచ్చిన ప్రతి విద్యార్థి పత్రాన్నీ నేనే స్వయంగా దిద్దుతాను. ఇంట్లో పెద్దలు రాసిచ్చినవి రెండో వరుసలోనే తెలిసిపోతాయని మర్యాదగా మనవి చేస్తున్నాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు