గైడ్లు పక్కనపెట్టి అసలు వ్యాసాలు చదివించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా వైజాగ్‌లో డిగ్రీ పిల్లలు చాలామంది ఇంగ్లీషు వ్యాసాల సమ్మరీలు బట్టీ పట్టేస్తున్నారు, అసలు వ్యాసం చూడట్లేదు, బాధేస్తోందండి. స్విఫ్ట్‌ అనే ఐర్లండ్ రచయిత 1729లో ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ అనే వెటకారపు వ్యాసంలో, అక్కడి పేదల పిల్లల్ని ఏడాది నిండగానే డబ్బున్నోళ్లకి తిండిగా అమ్మేద్దాం, ఏడాదికి 1,00,000 మంది అని లెక్కలేసి మరీ చల్లగా చెప్తాడు, చదువుతుంటే కడుపులో తిప్పేస్తుంది, అప్పుడు ఆ పేదల్ని పీల్చేసేవాళ్ల మీద కోపం మనంతట మనకే వస్తుంది. అమెరికా రచయిత థోరో అలా కాదు, బానిసత్వాన్ని నిలబెట్టే ప్రభుత్వానికి పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో ఉండి, 1849లో, ‘సివిల్ డిసొబీడియన్స్’గా పేరుపడ్డ వ్యాసంలో సూటిగా తన మాటే రాశాడు. నాకైతే స్విఫ్ట్‌దే గట్టి దెబ్బ, కాకపోతే వెటకారం పట్టుకోలేనివాళ్లకి అస్సలు ఎక్కదు. లెక్చరర్లు దయచేసి రెండూ క్లాసులో పైకి చదివించండి.

– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం